సంగీతశాస్త్రము - దూరవిద్య

విద్య గురుముఖమున నేర్వవలయునని మన పెద్దల మాట. సంగీతవిషయమున నీ మాట మఱింత గట్టిగా వినవచ్చును. అట్టి సంగీతమునకు విశ్వవిద్యాలయమువారు పాఠములు వ్రాయించి యింటికి బంపుటయు, విద్యార్థులు వానిని జదివి పరీక్షలిచ్చి పట్టములు పొందుటయు యుక్తమేనా యని గోదావరీతీరమున ననేకులు ప్రశ్నించుచున్నారు. ఈ ప్రశ్నము తేలికగా ద్రోసివేయదగినది కాదు.

ఉత్తరముల మూలమున బోధించుపద్ధతిని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లో నారంభించెను. 1982లో హైదరాబాదున సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. 1985లో నెలకొన్న తెలుగు విశ్వవిద్యాలయము రాజమహేంద్రవరము చెంత బొమ్మూరున సాహిత్యపీఠమును స్థాపించెను. తన దూరవిద్యలో సంగీతమునకును చోటిచ్చెను.

దీని నాక్షేపించువారి వాదమును ముందుగా విందము. త్యాగరాజస్వామి శిష్యుడు మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారు. వారి శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు. వారి శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారు. పంతులుగారి శిష్యుడు 1930లో కోనసీమయందలి శంకరగుప్తమున జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. ఈ గొలుసునందలి ప్రతి కొక్కెమును గురువు కంఠమే శిష్యుని చెవికి దగిలించినది. కాగితము కంఠము కాజాలదని వారందురు. ఇది నిజము.

అయినను శాస్త్రమున రెండు భాగములు గలవు. మొదటిది బుద్ధికి సంబంధించినది. షడ్జపంచమములు కదలనివి. రిషభగాంధారముల జంటలు 6. ధైవతనిషాదముల జంటలు 6. వీనిని గుణింప 36. మధ్యమములు రెండగుటచే 72 మేళములు. పదునేడవ శతాబ్దమున వేంకటమఖి చతుర్దండీప్రకాశికలో నిర్ణయించిన యీ లెక్కను, పలక పట్టిన బాలిక సైతము దీపము ముందు గూర్చుండి గ్రహింపగలదు. ఇందుకు గురువు ఎదుట లేకున్నను లోపము లేదు. మఱియు, ముత్తుస్వామి దీక్షితులవారి వంశమునకు జెందిన సుబ్బరామదీక్షితులవారు 1904లో ఎట్టయపురమున సంగీతసంప్రదాయప్రదర్శినిని స్వరసహితముగా, తెలుగులిపిలో బ్రకటించిరి. ఇంటిసొత్తును గురువంశమువారే యచ్చునకెక్కించి, మొగమెఱుగని పాఠకునకు ధారపోసిరన్నమాట.

రెండవభాగము చెవికి సంబంధించినది. సహానరాగమునందలి గాంధారము, బేగడయందలి నిషాదము ఎంతవఱకు కదలవలయునో గుర్తులు సూచించునే గాని వినిపింపజాలవు. ఇచ్చట కాగితము చేతులెత్తును. ఈ భేదమును మఱుగుపఱచి, లక్షణము వ్రాయగలిగినవానికి లక్ష్యము గూడ వచ్చినదని నమ్మించినచో మోసమగును. ఆ పట్టము చూపి పిల్లలకు పాఠము చెప్పినయెడల, వినని స్వరము వినబోవువారి చెవులను జెఱచును.

ఇంతవఱకు ఆక్షేపకులతో మాకు వివాదము లేదు. అయితే వారి నొక్కమాట యడుగుదుము: దూరమెవరినుండి? మన గ్రామములందు మంగళహారతులు, లాలిపాటలు, పెండ్లిపాటలు జీవితాంతము పాడి, తాము పాడునది యే రాగమో యెఱుగక గతించిన గృహిణులెందఱు? పుట్టిన కులము చెప్పిన మాత్రమున వాకిటనుండియే మరలింపబడిన బాలురెందఱు? వారికి పక్కవీథిలోని గురువుగారి యరుగు కంటె హైదరాబాదే దగ్గఱగా నున్నది. దూరము విశ్వవిద్యాలయము కల్పించినది కాదు; అది యంతకుముందే యుండెను.

మఱియొక దూరమును గలదు. పెద్దాపురము, మురమండ మున్నగు చోట్ల కళావంతుల స్త్రీలు పదములను, జావళీలను తరతరములుగా గాపాడిరి. భోగముమేళములను వీరేశలింగముపంతులుగారు రాజమహేంద్రవరమునుండి ఖండించిరి. దేవాలయములకు స్త్రీల నంకితము చేయుటను 1947 నాటి మదరాసు శాసనము నిషేధించెను. బాలికలను దురాచారమునుండి తప్పించుట ధర్మమే. కాని సంఘము ఆచారముతోడ విద్యను గూడ వెలివేసినది. పదమన నేమి, జావళియన నేమి యని పాఠ్యపుస్తకమున జదివి మార్కులు పొందుట నేడు గౌరవము. వానిని కంఠమున నిలుపుకొన్న వృద్ధురాలి గుమ్మము త్రొక్కుట మాత్రము నామోషీ. పుస్తకము తీర్చలేని లోటును దీర్పగలవారిలో నామె యొకతెయని యెంతమంది తలంచుచున్నారు?

కావున మా యభిప్రాయమిది. సంగీతశాస్త్రమును దూరవిద్యగా బోధించుట న్యాయము. తలుపు తెఱచుట యెప్పుడును న్యాయమే. అయితే పరీక్షించువారు విద్యార్థి వ్రాసినది చదువుటతో దృప్తిపడక, పాడినది వినవలయును. విద్యార్థి తనయూరనో పొరుగూరనో తన పాట విని తప్పు చెప్పగల యొక్కరిని, కులము విచారింపక, వెదకికొని, గురువని నమస్కరింపవలయును. ఇంటివారికిని విధి గలదు. కోడలు పుస్తకము తెఱచు వేళకే వంటయింటి పనులు జ్ఞాపకము వచ్చునింట ఏ విశ్వవిద్యాలయము పంపిన పాఠమును వెలుగు చూడదు. దినమునకొక గంట, తంబుర మీటుటకొక మూల, పరిహాసము లేని మౌనము, ఇవి యిచ్చుటకు ధనమక్కఱలేదు.

చదువరులారా, పాఠము మీ గడపదాక వచ్చినది. గడపనుండి లోపలికి గల దూరమును దాటింపవలసినవారు మీరే.