రెండవసారి చూడమని అడుగుట తప్పా?



షోలాపూర్ తూర్పు భాగములో, సాఖర్ పేట, అశోక్ చౌక్ ప్రాంతాల నేతపనివారి ఇండ్లలో దవాఖాన సంగతి వచ్చినప్పుడు వినిపించే మాట ఒకటున్నది. "అంత పెద్ద డాక్టరు చెప్పినంక మళ్ళ ఇంకొకరిని అడిగితే ఆయనకు కోపమొస్తది." పెద్దవారి యెడల గౌరవము మంచిదే. జలుబు జ్వరముల విషయములో దానివలన నష్టమూ లేదు. అయితే పదహారేండ్ల పిల్ల చేతిమీద మచ్చ ఒకటి త్వరత్వరగా పెరిగి, డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపగా, కాగితము మీద మెలనోమా అని వచ్చినదనుకొందాము. అప్పుడు కూడా గౌరవము పేరుతో ఊరకుండుట న్యాయమేనా?

మెలనోమా అనగా చర్మమునకు రంగునిచ్చు కణములలో పుట్టే క్యాన్సరు. మన దేశస్థులలో అది అరుదు, పిల్లలలో మరీ అరుదు. కనుకనే జిల్లా పట్టణములో ఎంతో అనుభవమున్న పాథాలజిస్టుకు కూడా పిల్లలలో దీనిని చూచే సందర్భములు కొద్దిగానే వస్తాయి. ఇది ఆయన లోపము కాదు.

ముక్క పరీక్ష చక్కెర పరీక్షవంటిదే, యంత్రములో పెడితే అంకె వచ్చునని మనవాళ్ళు అనుకుంటారు. అది అట్లా కాదు. ముక్కను మైనపు దిమ్మలో బిగించి, వెంట్రుకకన్న పలుచని పొరలుగా కోసి, గాజు స్లైడు మీద పరచి రంగులద్దుతారు. ఆ తరువాత ఒక మనిషి దానిని సూక్ష్మదర్శినిలో చూచి చదువుతాడు. బడిలో పేపర్లు దిద్దినవారికి తెలుసు: లెక్కల పేపరు ఇద్దరు దిద్దినా మార్కులు ఒకటే, వ్యాసము ఇద్దరు దిద్దితే ఒకటి కావు. అమెరికాలో 187 మంది పాథాలజిస్టులకు 240 చర్మపు ముక్కల స్లైడులు పంచి చదివించిన పరిశోధన 2017లో వెలువడినది. మామూలు పుట్టుమచ్చల వంటివాటిలో 92 శాతము తీర్పులు అనుభవజ్ఞుల బృందము తీర్పుతో కలిసినవి. లోతుకు దిగిన మెలనోమాలో 72 శాతము. నడిమి తరగతులలోనైతే 25 నుండి 43 శాతము మాత్రమే.

పిల్లల విషయములో ఈ చిక్కు ఇంకా పాతది. 1948లో సోఫీ స్పిట్జ్ అనే అమెరికా పాథాలజిస్టు 13 మంది పిల్లల మచ్చలను వర్ణించినది. సూక్ష్మదర్శినిలో అవి మెలనోమావలెనే కనిపించినవి, కాని వారిలో చనిపోయినది ఒక్క బిడ్డ. ఇటువంటి మచ్చలలో అత్యధికము హాని లేనివని తరువాత తేలినది. నేడు వాటిని స్పిట్జ్ మచ్చలంటారు. అయినా కొన్నిటిని చూచి, ఇది స్పిట్జా, మెలనోమాయా అని గొప్ప నిపుణులు సైతము వాదులాడుకుంటారు. ఒక వైపు పొరబడితే ప్రాణము పోవచ్చును. మరొక వైపు పొరబడితే అవసరము లేని పెద్ద కోత, జీవితమంతా క్యాన్సరు రోగి అనే పేరు.

లేవీయకాండము 13వ అధ్యాయము మనకు తెలిసినదే. చర్మము మీద మచ్చ ఉన్న మనిషిని యాజకుడు చూచే పద్ధతి అక్కడ ఉన్నది. సంగతి స్పష్టముగా లేనప్పుడు ఆయన వెంటనే తీర్పు చెప్పడు. ఏడు దినములు ఆగి మరల చూస్తాడు, ఇంకా సందేహముంటే మరి ఏడు దినములు. అది క్యాన్సరును గురించిన అధ్యాయము కాదు, దానిని వైద్యగ్రంథముగా చదువరాదు. అయితే సందేహమును సందేహముగా ఒప్పుకొని మరల చూచుట అక్కడ ఎవరికీ అవమానము కాలేదు.

మనకు రెండవ అభిప్రాయమనగా ఎప్పుడూ ప్రయాణమే. జిల్లాలోనే బార్శీలో నర్గీస్ దత్ స్మారక క్యాన్సరు ఆసుపత్రి ఉండుట గొప్ప మేలు. అయినా అరుదైన స్లైడైతే దానిని, మైనపు దిమ్మను గుడ్డలో చుట్టుకొని, సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబయి టాటా మెమోరియల్‌లో వరుసలో నిలబడాలి. తండ్రికి మగ్గము కూలి పోయె, తల్లికి బీడీల కూలి పోయె.

డిజిటల్ పాథాలజీ ఈ ప్రయాణమును తగ్గించగలదు. స్కానరు స్లైడునంతటిని భాగము భాగముగా చిత్రించి, ఒకే బొమ్మగా కలుపుతుంది. జాకార్డు చద్దరు నేసేవారికి ఇది వింత కాదు. పువ్వును గళ్ళ కాగితము మీద గడి గడిగా విడదీసి, అట్టలకు రంధ్రములు కొట్టి, మగ్గము మీద మరల పువ్వుగా చేసేది మనమే గదా. స్లైడు బొమ్మలో ఒక్కొక్క గడి మిల్లీమీటరులో 4000వ వంతు ఉండవచ్చును. అమెరికా ప్రభుత్వ సంస్థ ఇటువంటి యంత్రమును మొదటి రోగనిర్ణయమునకే 2017లో అనుమతించినది. స్కానరు ఖరీదైనది, ప్రతి ఊరిలో ఉండదు. కొన్నిసార్లు బొమ్మ చాలక అసలు స్లైడునే పంపమని కూడా అడుగుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. స్లైడులో రెండు మూడు చోట్ల ఫోనుతో ఫోటో తీసి పంపితే అది రెండవ చూపు కాదు. మొదటివారు ఏరిన చోటునే రెండవవారు చూస్తారు. ఒకరు సుద్దతో గుర్తు పెట్టిన చోటనే మరొకరు తప్పు వెదకితే, తాను మొత్తము చద్దరు చూచితినని ఎట్లా చెప్పగలడు? స్లైడంతా వెళ్ళాలి. పిల్ల వయస్సు, మచ్చ ఎంతకాలము నుండి ఉన్నది, ఎట్లా పెరిగినది అన్నవి కూడా వెళ్ళాలి. మొదటి తీర్పును మాత్రము, వీలైతే రెండవవారు తాము చూచిన తరువాతనే చదువుట మేలని నా అభిప్రాయము.

మరి ఇద్దరూ వేరు వేరుగా చెప్పితే? ఇక్కడనే అసలు పరీక్ష. కొందరు తమకు నచ్చిన జవాబు దొరికేదాకా నలుగురి దగ్గరికి తిరుగుతారు. అది సత్యమును వెదకుట కాదు, ఓదార్పును కొనుక్కొనుట. పైగా మెలనోమా మనకోసము ఆగదు. ఇద్దరు డాక్టర్లను ఒకరితో ఒకరు మాట్లాడుకోమని అడుగవలెను, అవసరమైతే ఇద్దరూ ఒప్పుకున్న మూడవ నిపుణునికి చూపవలెను.

ఇంకొకటి చెప్పక తప్పదు. ఆడపిల్ల అయితే "పెండ్లి కావాల్సిన పిల్ల, ఎవ్వరికీ తెలియనియ్యకండి" అని రిపోర్టును బీరువాలో దాస్తారు. ఊరికి చెప్పనక్కరలేదు, నిజమే. కాని ఆ పిల్లకే చెప్పకుండుట ఏమి న్యాయము? చేయి ఆమెది, మచ్చ ఆమెది. పదహారేండ్లు వచ్చిన బిడ్డ, డాక్టర్లు ఇద్దరు ఏకీభవించలేదన్న మాటను వినగలదు. తల్లిదండ్రులు గుసగుసలాడుతుంటే తానే ఇంకా ఘోరముగా ఊహించుకుంటుంది. సందేహమును ఆమెతో పంచుకొనుట ఆమెను భయపెట్టుట కాదని నేననుకుంటాను.

డాక్టరుగారిని ఎట్లా అడగాలని సంకోచించేవారికి: జాతీయ మానవ హక్కుల సంఘము 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రములో రెండవ అభిప్రాయము కోరే హక్కు, తమ రికార్డులు పొందే హక్కు రెండూ ఉన్నవి. అయినా హక్కు పేరెత్తనక్కరలేదు. "సార్, పిల్ల చిన్నది, ఇంకొకరితో కూడా చూపించుకుంటాము, స్లైడులు, దిమ్మ ఇప్పించండి" అంటే చాలు. మంచి డాక్టరు కోపగించుకోడు. రిపోర్టు మీది నంబరు, దిమ్మ మీది నంబరు ఒకటేనా అని అక్కడే సరిచూచుకోండి. దిమ్మ పోతే మరల పొర కోయుటకు ఏమీ మిగలదు. దానిని ఎండలో, రేకుల పెట్టెలో ఉంచకండి. మైనము మెత్తబడుతుంది, షోలాపూర్ మే నెల సంగతి మీకు తెలిసినదే.