కర్ర వంగితే కర్మ ఎవరిది?

ఎలక్ట్రిక్ గిటారు చేసేవాడికి పెద్ద దెబ్బ మెడ దగ్గరే తగులుతుంది. ఒళ్ళు దిట్టమైన చెక్క దిమ్మె, కాస్త అటూ ఇటూ అయినా స్వరం చెడదు. మెడ అలా కాదు. రెండడుగుల సన్నటి కర్రను ఆరు తీగలు కలిసి సుమారు 45 కిలోల బలంతో లాగుతూనే ఉంటాయి. చెక్కి, నున్నగా చేసి, ఫ్రెట్లు (మెట్లు) కొట్టి, తీగలు బిగించి మెడ వెంబడి ఒంటికంటితో చూస్తే, అది వంగి ఉంటుంది. ఇంకా పాడు రోజైతే మెలి తిరిగి ఉంటుంది. అప్పుడు నోట వచ్చే మాటలు రెండే: ‘నా ఖర్మ’, కాకపోతే ‘అంతా నా తప్పే’. మొదటి మాట మనిషి చేతిలో ఏమీ లేదంటుంది, రెండోది అంతా మనిషి చేతిలోనే ఉందంటుంది. మన పెద్దలు కర్మ గురించి ఆలోచించిన తీరుకు ఈ రెండూ దూరమేనని నా వాదన.

ముందు కర్ర సంగతి చూద్దాం. చెట్టు కొట్టేసినా కర్ర గాలిలోని తేమను పీల్చడం, వదలడం మానదు. దానిలోని తేమ సుమారు 30 శాతం కిందికి దిగాక కుంచించుకోవడం మొదలవుతుంది. అదీ అన్ని వైపులా సమంగా కాదు. వలయాల వెంబడి కుంచించుకునేది, నడిమి నుంచి బెరడు వైపు కుంచించుకునే దానికి దాదాపు రెట్టింపు. వంకర పుట్టేది ఈ తేడాలోనే, అందులో ఎవరి పాపమూ లేదు. షోలాపూర్ కుమఠా నాకా నేతపేటలో ఈ మాట కొత్తగా చెప్పనక్కర్లేదు. మే నెల ఎండ 40 డిగ్రీలు దాటి గాలి పొడిబారితే పడుగు పోగులు పుటుక్కున తెగుతాయి. గుంట మగ్గం నేలలోకి దిగి ఉండటంలో ఒక లాభం ఆ నేల చల్లదనమే. పోగు తెగిందని నేతగాడు విధిని తిట్టుకుంటూ కూర్చోడు. గంజి చూసుకుంటాడు, తేమ చూసుకుంటాడు, తెగినచోట ముడివేస్తాడు.

తెలంగాణ పల్లెల నుంచి తరాల కిందట షోలాపూర్‌కు వలస వెళ్ళిన పద్మశాలీలు శ్రావణ పౌర్ణమికి మార్కండేయుడి రథోత్సవం చేస్తారు. తమ మూలపురుషుడిగా వాళ్ళు కొలిచేది విధి రాసిన గడువును ఎదిరించిన కుర్రవాణ్ణి. పదహారేళ్ళే ఆయుష్షని తెలిసి, యముడు పాశం వేస్తే శివలింగాన్ని వాటేసుకున్నవాడు. ‘అది శివుడి దయ, మనిషి ప్రయత్నం ఎక్కడుంది?’ అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ దయ ఏం చేసిందో చూడండి. పదహారు అన్న అంకెను చెరిపెయ్యలేదు, మార్కండేయుడు ఎప్పటికీ పదహారేళ్ళవాడిగానే మిగిలాడు. గడువు అలాగే ఉంది, అది చావుకు గడువు కాకుండా పోయిందంతే. భారతం అనుశాసన పర్వంలో దైవం గొప్పదా, పురుషకారం గొప్పదా అని ధర్మరాజు అడిగితే, దైవం విత్తనం, మనిషి ప్రయత్నం పొలం అన్న మాట భీష్ముడి నోట వస్తుంది. ఒకటి లేకుండా రెండోది పండదు.

గిటారు చరిత్ర ఈ మాటకే సాక్ష్యం. 1950లో గిటార్ల తయారీదారు లియో ఫెండర్ తన మొదటి గిటార్లను మెడలో ఉక్కు కడ్డీ లేకుండానే చేశాడు, గట్టి మేపుల్ కర్ర వంగదన్న ధీమాతో. మెడలు వంగాయి. ఆ ఏడాది ముగిసేలోపే కడ్డీ పెట్టాడు. ట్రస్ రాడ్ అనే ఆ కడ్డీకి గిబ్సన్ కంపెనీ పనివాడు 1923 నాటికే పేటెంటు సంపాదించి ఉన్నాడు. అసలు విశేషం ఇంకొకటి. మెడను గీత గీసినట్టు నిటారుగా చేస్తే తీగలు ఫ్రెట్లకు తగిలి బరబరమంటాయి, ఎందుకంటే కదిలే తీగకు నడుమ చోటు కావాలి. అందుకే పావు మిల్లీమీటరు వంపు కావాలనే ఉంచుతారు. బొబ్బిలి వీణ దారి వేరు. పనస దుంగను తొలిచి చేసే ఆ వీణ మీద 24 మెట్లూ మైనంలో కూర్చుంటాయి. స్వరం తప్పితే మైనం కరిగించి మళ్ళీ అమరుస్తారు. ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుందని ముందే ఒప్పుకుని చేసిన వాద్యం అది.

నా వాదనకు అసలైన అభ్యంతరం వేరే ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ‘వంకరతో సర్దుకో’ అన్న నీతి పేదవాడికి చెప్పడం సులువు. షోలాపూర్‌లో 1877లో మొదలైన జూనీ మిల్లు మూతపడింది, తర్వాత మరికొన్ని మూతపడ్డాయి. ఆ కార్మికుడికీ ఇదే చెబుతారా? చెప్పను. కర్రకు ఉద్దేశం లేదు. మిల్లు మూయడం మాత్రం లెక్కలు చూసుకుని మనుషులు తీసుకున్న నిర్ణయం. మనిషి చేసిన పనిని దైవం ఖాతాలో వేయడం కర్మ సిద్ధాంతం కాదు, దాని పేరు చెప్పి తప్పించుకోవడం. పైగా కర్ర విషయంలోనూ అన్నిటికీ సర్దుబాటు లేదు. ట్రస్ రాడ్ వంపును సరిచేస్తుంది గానీ మెలికను సరిచేయలేదు. బాగా మెలి తిరిగిన మెడను పక్కన పెట్టి కొత్త కర్ర తీయడమే వివేకం. పుచ్చు విత్తనం వేసి పొలాన్ని తిట్టుకుంటే ప్రయోజనం లేదు.

కాబట్టి గిటారు కట్టబోయేవారికి నా మనవి ఇంతే. కొన్న కర్రను వెంటనే కొయ్యకండి, మీ ఊరి ఎండా వానా ఒక ఏడాది చూడనివ్వండి. వలయాలు నిటారుగా ఉన్న కోతనే మెడకు ఏరండి. వీలైతే రెండు మూడు ముక్కల్ని ఒకదాని వంపుకు ఇంకొకటి ఎదురుగా ఉండేలా జిగురుతో అతికించండి. ఇంత చేసినా ట్రస్ రాడ్ మర తిప్పే రంధ్రాన్ని అందంగా లేదని మాత్రం మూసెయ్యకండి.