కొన్నది మనదేనా?

పోయిన వేసవి సెలవుల్లో నా పాత విద్యార్థి ఒకడు కలిశాడు. హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగం చేస్తున్నాడు. మొదటి జీతంలోంచి డబ్బు పెట్టి కంప్యూటర్ ఆట ఒకటి కొన్నాడట. ఇప్పుడది తెరుచుకోవడం లేదు. "డబ్బులు కట్టాను గదా సార్, అది నాది కాదా?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఇది వాడొక్కడి కష్టం కాదు. యూబీసాఫ్ట్ అనే కంపెనీ 2014లో 'ది క్రూ' అనే కార్ల పందెం ఆట అమ్మింది. 2024 మార్చి 31న దాని సర్వర్లు ఆపేసింది. ఒక్కరే ఆడుకునే భాగానికి కూడా సర్వర్ కావాలి కనుక, డిస్కు కొని ఇంట్లో పెట్టుకున్నవాళ్లకూ ఆట పోయింది. కంపెనీలు చెప్పే మాట ఒకటే: మేం అమ్మింది ఆటను కాదు, ఆడుకునే లైసెన్సును. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం దీని మీద ఒక చట్టం చేసింది. అది 2025 నుంచి అమల్లో ఉంది. ఇచ్చేది లైసెన్సు మాత్రమే అయితే, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనకూడదు.

హక్కుకూ అనుమతికీ తేడా మనకు ఎవరూ నేర్పనక్కర లేదు. అడవిలో కట్టె కొట్టాలన్నా, మేకలు మేపాలన్నా ఒకరి అనుమతి కోసం చూసినవాళ్లం. అనుమతి ఇచ్చినవాడు ఎప్పుడైనా తీసేసుకోవచ్చు. అందుకే 2006 అటవీ హక్కుల చట్టం పేరులోనే 'గుర్తింపు' అనే మాట ఉండటం చిన్న విషయం కాదు. ఆ చట్టం హక్కులు కొత్తగా ఇవ్వలేదు, ఉన్నవాటిని గుర్తించింది.

ఆ పట్టా భూమినీ మనం అమ్ముకోలేం కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కానీ అది మన పిల్లలకు వస్తుంది. 1/70 చట్టం కూడా మన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపడానికే ఉంది. కాబట్టి ఆంక్ష ఉన్నంత మాత్రాన అన్యాయం కాదు. అది ఎవరిని కాపాడుతోంది అన్నదే ప్రశ్న. స్టీమ్ వంటి ఆన్‌లైన్ దుకాణంలో మన ఖాతాను ఇంకొకరి పేరుకు మార్చలేం. అక్కడ కొన్న ఆట ఎపిక్ దుకాణంలో తెరుచుకోదు. ఈ ఆంక్షలు కాపాడేది కొన్నవాణ్ణి కాదు, అమ్మినవాణ్ణి.

అమ్మినవాడి వైపూ న్యాయం ఉంది. ఒక ఆట వెనుక ఎందరో ఏళ్ల తరబడి పడిన కష్టం ఉంటుంది. దొంగ కాపీలు వాళ్ల కూలిని తింటాయి. అందుకే తాళాలు వేస్తారు. సర్వర్లు నడపడానికీ ఖర్చవుతుంది, ఎప్పటికీ నడపమనడం ధర్మం కాదు. కానీ కూలి అడిగే హక్కు వేరు, డబ్బు తీసుకున్నాక వస్తువును పనికిరాకుండా చేసే హక్కు వేరు. మొదటిది ఒప్పుకుంటాను, రెండోది ఒప్పుకోను. ఆట మూసేసేవాళ్లు కనీసం తాళం తీసి వెళ్లాలి. జీఓజీ అనే దుకాణం తాళం లేకుండానే అమ్ముతోంది. అక్కడా కాగితం మీద ఉన్నది లైసెన్సే. కానీ ఫైలు మన డిస్కులో ఉంటుంది, దుకాణం మూతపడినా ఆట మిగులుతుంది.

ఆటలే కదా, పోతే ఏమి అనుకోవద్దు. 2010కి ముందు అమెరికాలో వచ్చిన ఆటల్లో 87 శాతం ఈరోజు మార్కెట్లో దొరకడం లేదని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. ఒక తరం ఆడిన ఆటను తర్వాతి తరం చూడలేకపోవడం ఎంత నష్టమో, పాట మరిచిన ఊళ్లకు తెలుసు. ఇప్పుడు మన పాటలు, పెద్దల కథలు, మన భాషల పాఠాలు కూడా ఎవరివో యాప్‌లలో పెడుతున్నాం. వాళ్లు తలుపు మూస్తే వాటి గతి ఏమిటి? ఉపాధ్యాయ మిత్రులారా, ఒక ప్రతిని బడిలోని డిస్కులో కూడా దాచండి.

నా విద్యార్థికి ఇప్పుడైతే ఇలా చెబుతాను: "చట్టం లెక్కలో అది నీది కాదు నాయనా. ధర్మం లెక్కలో నీదే. ఈ రెండూ ఒకటయ్యేదాకా అడుగుతూనే ఉండాలి. మన పట్టాలూ అలా అడిగితేనే వచ్చాయి."