రౌతు కొద్దీ గుఱ్ఱము

గుఱ్ఱమును గూర్చి మన పెద్దలు రెండు సామెతలు చెప్పిరి. "రౌతు కొద్దీ గుఱ్ఱము" అనునది ఒకటి. "రౌతు మెత్తనైతే గుఱ్ఱము మూడు కాళ్ళ మీద నడుచును" అనునది మరియొకటి. మొదటి మాట వినినవాడు తన్ను తాను పరీక్షించుకొనును. రెండవ మాట వినినవాడు కొరడా కొరకు వెదకును. రెండును నిజమేయైనచో, మంచి రౌతు కాగోరువాడు మెత్తగా నుండవలెనా, కఠినముగా నుండవలెనా? ఈ ప్రశ్న గుఱ్ఱపుశాలకు మాత్రమే చెందినది కాదు. బిడ్డలను పెంచు తల్లిదండ్రులకును, విద్యార్థులను దిద్దు ఉపాధ్యాయులకును, పనివారిపై అధికారము గలవారికిని ఇదే ప్రశ్న ప్రతిదినము ఎదురగుచున్నది.

సూరతు నగరమునకు దక్షిణముగా, ముంబయి పోవు రైలు మార్గమున సచిన్ అను ఊరు కలదు. నేడు ఆ పేరు వినగానే పారిశ్రామిక వాడయు, మరమగ్గముల చప్పుడును మనకు జ్ఞాపకమునకు వచ్చును. తెలంగాణము నుండి బ్రతుకుతెరువునకై సూరతు ప్రాంతము చేరిన నేతవారి కుటుంబములు అనేకము. అయితే 1791 మొదలు 1948 వరకు సచిన్ ఒక చిన్న సంస్థానము. ఆఫ్రికా సంతతివారైన సిద్దీ నవాబులు దానిని ఏలిరి; తమకంటూ ఒక ఆశ్వికదళమును పోషించిరి. మన హైదరాబాదులోను నిజాము కొలువున ఆఫ్రికా సంతతి రౌతుల దళమొకటి యుండెను. ఆ దళము ఇప్పుడు లేదు గాని, వారు నివసించిన పేటను నేటికిని ఏ.సి. గార్డ్స్ అనియే పిలుచుచున్నారు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అను పేరునకు అది సంక్షిప్తరూపము.

సిద్దీల పూర్వికులలో అనేకులు బానిసలుగా సముద్రము దాటి తేబడినవారు. బలవంతమన నేమో ఎరిగిన జనుల సంతానము, కేవలము బలవంతముచేత లోబడని జంతువును నడుపుటలో నేర్పరులైరి. ఈ సంగతి ఆలోచింపదగినది.

గుఱ్ఱము బలవంతమునకు ఎందుకు లోబడదు? దాని బరువు నాలుగైదు వందల కిలోలు. బలమును బలముతో ఎదిరించినచో మనుష్యుడు గెలువజాలడు. అంతకంటె ముఖ్యమైన కారణము దాని స్వభావములో నున్నది. గుఱ్ఱము క్రూరమృగములకు ఆహారమైన జాతికి చెందినది. పారిపోవుటయే దాని ఆత్మరక్షణ. అందుకే దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండి ఇంచుమించు నలుదిక్కులను చూడగలవు. దాని చర్మముపై ఈగ వాలినను గుర్తించి విదిలించుకొనును. గుజరాతులోని కాఠియావాడు గుఱ్ఱమునకు చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానినొకటి తాకునట్లుండును; ఆ చెవులు ఎటు తిరిగిన దాని ధ్యాస అటు పోయినదని అనుభవజ్ఞుడైన రౌతు గ్రహించును. ఇంత సున్నితమైన ప్రాణి వీపుపై కూర్చున్నవాడు తన మనస్సును దాచుకొనజాలడు. అతడు భయపడినచో ఊపిరి బిగబట్టును, మోకాళ్ళతో అదుముకొనును, పగ్గములు లాగును. నాకు భయము లేదని నోటితో చెప్పవచ్చును గాని శరీరము అబద్ధమాడదు. ఆ బిగువు గుఱ్ఱమునకు అపాయసూచనగా తోచి, అదియు బెదరును.

కాబట్టి స్వారీ విద్యలో మొదటి పాఠము గుఱ్ఱమునకు గాక మనుష్యునికే. వియన్నాలోని ప్రసిద్ధమైన స్పానిష్ రైడింగ్ స్కూలులో క్రొత్త విద్యార్థి చేతికి మొదటనే పగ్గములియ్యరు. గురువు పొడవైన త్రాటితో గుఱ్ఱమును వలయాకారముగా నడిపించుచుండగా, విద్యార్థి రికాబులును పగ్గములును లేకయే దినదినము జీనుపై కూర్చుండుట అభ్యసించవలెను. గుఱ్ఱపు నోటికి ఆనుకొనక తన శరీరమును తానే నిలుపుకొనువరకు ఆ అభ్యాసము సాగును. తన్ను తాను నిలుపుకొనలేనివాడు పగ్గము పట్టినయెడల, తాను పడకుండుటకై ఆ పగ్గమునే లాగును. అతని తప్పునకు గుఱ్ఱపు నోరు శిక్ష పొందును. ఇంటిలోను పనిచోటను మనము విధించు శిక్షలలో ఎన్ని ఇట్టివి కావు?

ఇచ్చట పట్టుదలకును మొండితనమునకును భేదము తెలిసికొనవలెను. గుఱ్ఱము మాట విననప్పుడు మొండివాడు అదే ఆజ్ఞను మరింత గట్టిగా ఇచ్చును. పట్టుదల గలవాడు తన చేతిని, తన కూర్చున్న తీరును, తాను అడిగిన విధమును పరీక్షించుకొని మరల అడుగును. పడినప్పుడు ఇద్దరును లేచి జీను ఎక్కుదురు. అయితే ఒకడు పగతో ఎక్కును, మరియొకడు తాను ఎందుకు పడెనో తెలిసికొని ఎక్కును. ఇంకొక రహస్యము గలదు. పగ్గము బిగించుటవలన మాత్రమే గుఱ్ఱము నేర్చుకొనదు. తాను లోబడిన ఆ క్షణముననే పగ్గము సడలుటవలన నేర్చుకొనును. ఆ సడలింపే దానికి బహుమానము. లోబడిన తర్వాతను లాగుచునే యుండువాని చేతిలో గుఱ్ఱపు నోరు మొద్దుబారిపోవును.

క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున గ్రీకు సైనికుడైన జెనొఫోను అశ్వవిద్యను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. కోపముతో గుఱ్ఱమును ఎన్నడును సమీపింపరాదని అందులో బోధించెను. శిక్షకునికి అప్పగింపబడు పిల్లగుఱ్ఱము ఎట్లుండవలెనో వివరించుచు అతడు వాడిన ఒక గ్రీకు మాటయే క్రొత్త నిబంధనలో సాత్వికమను మాటకు మూలము. సాత్వికమన బలహీనత యని తలంచువారు దీనిని గమనింపవలెను. సాత్వికమైన గుఱ్ఱమునకు బలము తగ్గదు. ఆ బలము బెదరు విడిచి నడిపింపునకు అనుకూలమగును.

డెన్మార్కు దేశస్థురాలైన లిస్ హార్టెల్ అను స్త్రీ ఇందుకు సాక్ష్యము. 1944లో, తన ఇరువది మూడవ ఏట, గర్భవతిగా నుండగా ఆమెకు పోలియో వ్యాధి సోకెను. మోకాళ్ళకు క్రింద కాళ్ళు చచ్చుబడెను. ఆమె క్రమక్రమముగా తన అవయవముల వాడుకను మరల నేర్చుకొని, ఎన్నోమారులు పడుచు గుఱ్ఱమెక్కెను. ఇతరులు ఎత్తి కూర్చుండబెట్టినగాని జీను ఎక్కలేని ఆమె, 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో గుఱ్ఱపు నడకల తీరును పరీక్షించు డ్రెస్సాజ్ పోటీయందు పురుషులతో సమముగా నిలిచి రజతపతకము గెలిచెను. 1956లో మరల గెలిచెను. కాలి మడమతో పొడుచుటకు శక్తిలేని రౌతు మనస్సును జూబిలీ అను ఆ గుఱ్ఱము ఎట్లు తెలిసికొనెను? ఆమె నడుము కదలికను, బరువు మార్పును బట్టి తెలిసికొనెను. అధికారమునకు కఠినమైన కాలు అవసరమైనచో ఆమె ఎన్నటికిని గెలిచియుండదు.

అట్లయిన రెండవ సామెత అబద్ధమా? కాదు. నిన్న దండించినదానిని నేడు ఉపేక్షించి, నేడు అనుమతించినదానిని రేపు కొట్టువాడే మెత్తని రౌతు. అతని మెత్తదనము గుఱ్ఱము మీది దయ కాదు, తన మనోభావముల విషయమై తాను చూపుకొను ఉపేక్ష. అట్టివాని క్రింద ఏ ప్రాణియైనను తిన్నగా నడువదు. తనయెడల కఠినుడై, గుఱ్ఱముయెడల దీర్ఘశాంతుడైనవాడు రెండు సామెతలకును సమాధానము చెప్పినవాడగును.

ప్రియ చదువరీ, నీకు జీనును గుఱ్ఱమును లేకపోవచ్చును. అయినను నీ చేతిలో ఎవరిదో ఒక పగ్గమున్నది. నీ కుమారుడు కావచ్చును, నీ యొద్ద పని నేర్చుకొను యువకుడు కావచ్చును. అతడు మాట విననప్పుడు నీవు పగ్గము బిగించితివి, సరే. అతడు వినినప్పుడు సడలించితివా?