పసిబిడ్డతో డిస్నీ వరల్డ్

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 3 ఏళ్లు నిండని పిల్లలకు టికెట్ అక్కర్లేదు. చంటిబిడ్డ ఉన్న కుటుంబం పాలవేళలు, నిద్రవేళలను బట్టే రోజును అమర్చుకోవాలి. పొద్దున చల్లని పూట తిరిగి, మధ్యాహ్నం గదికి చేరి, సాయంత్రం మళ్లీ వెళ్లడం మేలు. 4 పార్కుల్లోనూ ఉన్న బేబీ కేర్ సెంటర్లలో తల్లి చాటుగా పాలివ్వవచ్చు, డైపర్ మార్చవచ్చు. పెద్ద రైడ్ల దగ్గర ‘రైడర్ స్విచ్’ పద్ధతి ఉంది: ఒకరు ఎక్కి వచ్చేదాకా మరొకరు బిడ్డను చూసుకుంటారు, తర్వాత రెండోవారు మామూలు వరుసలో నిలబడకుండానే ఎక్కుతారు.

6 నెలల లోపు బిడ్డకు ఎండలో నీడే అసలు రక్షణ. అంచు వెడల్పు టోపీ, పలుచని నూలు చొక్కా వేయాలి. దాహానికి నీళ్లు కాదు, తరచుగా పాలే పట్టాలి. స్ట్రోలర్‌ మీద దుప్పటి కప్పితే గాలాడక లోపల వేడెక్కుతుంది. బుగ్గలు ఎర్రబడి, మెడ చెమర్చగానే బిడ్డను చల్లని చోటికి చేర్చాలి.