మొదటి తప్పు లెక్క



ఆదివారం పూజ ముగిశాక గుడి ఆవరణలో నిలబడి మాట్లాడుకునే మాటల్లో పిల్లల చదువుల ప్రస్తావన రాకుండా ఉండదు. డిగ్రీ అయిపోయింది, ఇక ఎం.బి.ఎ. చేయిద్దామనుకుంటున్నాం అంటారు తల్లిదండ్రులు. ఏ కాలేజీ మంచిది, ఫీజు ఎంత, చివర్లో ఉద్యోగం ఇప్పిస్తారా అని వాకబు చేస్తారు. అక్కడ వ్యాపార నీతి అనే పాఠం ఉందా, దాన్ని ఎలా చెబుతారు అని అడిగేవారు మాత్రం అరుదు. నీతి పాఠం చెబితే వచ్చేది కాదని మనలో చాలామంది నమ్మకం. అది ఇంట్లో రావాలి, జ్ఞానోపదేశంలో రావాలి, ఇరవై రెండేళ్లు నిండినవాడికి ఇక కొత్తగా నేర్పేదేముంది అనుకుంటాం.

ఆ నమ్మకంలో సగం నిజముంది. మిగతా సగాన్ని పరీక్షించడానికి మన విజయవాడతో సంబంధమున్న ఒక ఉదంతాన్ని గుర్తుచేసుకుందాం.

సత్యం కంప్యూటర్స్ సంస్థ పేరు వినని తెలుగు కుటుంబం ఒకప్పుడు లేదు. దాన్ని 1987లో హైదరాబాదులో స్థాపించిన బి. రామలింగరాజు మన ఆంధ్ర లొయోల కళాశాలలో బి.కాం. చదివారు. ఆ తరువాత అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయంలో ఎం.బి.ఎ. చేశారు. 2009 జనవరి 7న ఆయన తన డైరెక్టర్ల బోర్డుకు ఒక లేఖ రాశారు. లెక్కల్లో చూపిన నగదులో, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు ఆదాయం 2,700 కోట్లని ప్రకటించారు, నిజంగా వచ్చింది 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లని చూపారు, ఉన్నది 61 కోట్లు. యాభై వేలకు పైగా ఉద్యోగులు తమ జీతాలేమవుతాయోనని ఆ నెలంతా నిద్రలేకుండా గడిపారు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం ఆయనతో సహా పదిమందిని దోషులుగా నిర్ధారించి ఆయనకు ఏడేళ్ల జైలుశిక్ష వేసింది. అప్పీలు చేసుకొని ఆయన బెయిలు మీద బయటకు వచ్చారు.

ఇది ఒక కళాశాలను తప్పుపట్టడానికి చెబుతున్న మాట కాదు. 1953లో యేసు సభ గురువులు స్థాపించిన ఆ విద్యాలయంలో వేలాదిమంది చదివి ఎంతో నిజాయితీగా బతుకుతున్నారు. నేను అడగదలచింది వేరు. ఆ మనిషికి మంచీచెడూ తెలియక అలా జరిగిందా?

అలా అనుకోవడానికి వీల్లేదు. 2005లో మన రాష్ట్రంలో 108 అంబులెన్సు సేవను ప్రారంభించినవారు ఆయనే. అర్ధరాత్రి పురిటినొప్పులు పడుతున్న తల్లిని ఆసుపత్రికి చేర్చిన ఆ బండిని మన డెల్టా పల్లెల్లో ఎవరూ మరచిపోరు. కంపెనీ బోర్డులో కూర్చున్నవారు కూడా సామాన్యులు కారు. హైదరాబాదులోని ఒక ప్రసిద్ధ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ డీన్ అందులో ఉన్నారు, హార్వర్డ్ ఆచార్యులొకరు ఉన్నారు. 2015లో దోషులుగా తేలిన పదిమందిలో వారు లేరు. అయితే పాఠం చెప్పగలవారు బల్ల చుట్టూ ఉండగానే అబద్ధపు లెక్క ఏళ్ల తరబడి సాగిపోయింది. 2008లో ఆ సంస్థకు మంచి కార్పొరేట్ పాలనకు గాను అంతర్జాతీయ బహుమతి కూడా వచ్చింది. మరుసటి ఏడాది దాన్ని వెనక్కి తీసుకున్నారనుకోండి! నిర్వచనాలకు అక్కడ కొరత లేదు.

మరి లోపం ఎక్కడ? ఆ లేఖలోనే దారి కనిపిస్తుంది. మొదట్లో ఉన్న తేడా చిన్నదనీ, ఏటికేడు అది పెరిగిపోయిందనీ, చివరకు తన పరిస్థితి పులిమీద స్వారీలా అయిందనీ ఆయన రాశారు. ఆ మొదటి తేడా దగ్గర కాసేపు ఆగండి. ఏదో ఒక మూడు నెలల్లో లాభం అనుకున్నదానికంటే కొంచెం తగ్గి ఉంటుంది. అప్పుడు చెప్పవలసింది ఒక్క వాక్యం: “ఈసారి అనుకున్నంత రాలేదు.” వాటా ధర నాలుగు రోజులు పడుతుంది, పత్రికల్లో రెండు విమర్శలు వస్తాయి, పోటీదారులు లోపల నవ్వుకుంటారు. అంతే. ఆ వాక్యం పెదవి దాటకపోవడంతో మరుసటి మూడు నెలల్లో పాత అబద్ధాన్నీ కొత్త లోటునూ కలిపి కప్పవలసి వచ్చింది. అబద్ధానికి వడ్డీ కట్టడమంటే అదే.

ఆ లేఖలో మరో మాట కూడా ఉంది. ఇందులో తాను ఒక్క రూపాయి కూడా సొంతానికి తీసుకోలేదని ఆయన అన్నారు. దర్యాప్తు చేసినవారు దాన్ని ఒప్పుకోలేదు. కాని ఆ వాదన వెనకున్న మనస్తత్వం మనందరికీ బాగా పరిచయమున్నదే. “నా జేబులో వేసుకోలేదు కదా, సంస్థ కోసం చేశాను” అన్నప్పుడు ఏడవ ఆజ్ఞ మనల్ని తాకనట్టే ఉంటుంది. అందుకే కాబోలు, 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ఆ ఆజ్ఞ కిందే వ్యాపార మోసాన్నీ, దొంగ బిల్లులనూ, చెక్కులనూ, అన్యాయపు జీతాలనూ పేరుపేరునా చేర్చింది. ఎవరి కోసం చేశావన్నది కాదు, ఎవరికి దక్కవలసినది పోయిందన్నది అక్కడ ప్రశ్న.

కాబట్టి మేనేజ్‌మెంట్ విద్యార్థికి నేర్పవలసింది నిర్వచనం కాదు, ఆ వాక్యాన్ని పైకి చెప్పడం. ఇది సాధనతో వచ్చే విద్య. ఈతలాంటిది. ఒడ్డున కూర్చోబెట్టి చెబితే రాదు.

జంషెడ్‌పూర్‌లో యేసు సభవారు 1949లో స్థాపించిన ఎక్స్.ఎల్.ఆర్.ఐ. వంటి చోట్లా, ఇతర విద్యాసంస్థల్లోనూ నిజమైన సందర్భాలను తీసుకొని చర్చించే పద్ధతి ఉంది. మన పిల్లలకైతే అమెరికా కంపెనీల కథలు అక్కర్లేదు. గుడివాడ వైపు ఒక రైసు మిల్లును ఊహించుకోమనండి. ఖరీఫ్ కోతలయ్యాయి, ఆకాశం మబ్బు పట్టింది, తడుస్తుందన్న భయంతో రైతులు ధాన్యం తెచ్చేశారు. తేమ 17 శాతం దాటకూడదన్నది నిబంధన. కొత్తగా చేరిన మేనేజరుతో యజమాని, “డెబ్బై ఐదు కిలోల బస్తాకు అదనంగా రెండు కిలోలు తరుగు రాయి” అన్నాడు. పదివేల బస్తాలకు అది ఇరవై వేల కిలోలు. వంద బస్తాలు తెచ్చిన కౌలురైతుకు రెండు క్వింటాళ్లు పోయినట్టు, కౌలు మాత్రం అణా తగ్గదు. ఏం చేస్తావు అని అడిగితే తరగతిలో ప్రతి చెయ్యీ లేస్తుంది: “రాయను సార్!”

అక్కడ ఆపితే పాఠం వృథా. అసలు ప్రశ్న తరువాతిది. యజమాని ఎదురుగా నిలబడ్డాడు, లారీ ఆగి ఉంది, నీకంటే ముందున్నవాడు రాసేవాడు, నీకింకా మొదటి నెల జీతం రాలేదు, చదువు కోసం తీసుకున్న అప్పు అలాగే ఉంది. ఏ మాటలతో చెబుతావు? ఆయనతో చెబుతున్నట్టే ఇప్పుడు చెప్పు. గదిలో చేతులు దిగిపోతాయి. ఒకరు మరీ కటువుగా మాట్లాడతారు, ఒకరు నీళ్లు నములుతారు. ఆఖరికి ఎవరో, “తేమ యంత్రం చూపినంతే రాస్తానండీ, అంతకుమించి తీయాలంటే మీరు సంతకం చేసి ఇవ్వండి” అన్నదాకా వస్తారు. అది గొప్ప వీరత్వమేమీ కాదు. కాని రేపు మిల్లులో నోరు పెగలాలంటే ఈ రోజు తరగతిలో ఒకసారి పెగిలి ఉండాలి.

ఈ సాధనకు మన శ్రీసభ సంపదలో పనిముట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. 1548లో జగద్గురువుల ఆమోదం పొందిన పునీత ఇగ్నేషియస్ లొయోలవారి ఆధ్యాత్మిక సాధనలలో, ఒక నిర్ణయం తీసుకునేటప్పుడు చేయవలసిన పని ఒకటుంది. నాకు బొత్తిగా పరిచయం లేని మనిషి ఇదే చిక్కుతో నా దగ్గరకు వస్తే, అతని మేలు కోరి నేనేమి చెబుతాను? ఆ సలహానే నాకు నేను చెప్పుకోవాలి. సొంత భయాన్ని పక్కన పెట్టి చూడడానికి ఇంతకంటే సులువైన ఉపాయం నాకు తెలియదు. దినదినం ఆత్మశోధన కూడా అలాంటిదే. పాపసంకీర్తనానికి ముందు మాత్రమే చేసేదిగా దాన్ని మనం కుదించుకున్నాం గాని, అది సాయంత్రం గల్లాపెట్టె లెక్క చూసుకోవడం వంటిది. తేడా పది రూపాయలున్నప్పుడే తెలుస్తుంది.

సత్యం తరువాత చట్టాలు గట్టిపడ్డాయి. 2013 కంపెనీల చట్టం స్వతంత్ర డైరెక్టర్ల బాధ్యతలను వివరించింది, ఆడిటర్లను కొన్నేళ్లకొకసారి మార్చాలంది. మంచిదే. అయితే చట్టం వచ్చేది లెక్క తప్పాక. మొదటి తప్పు లెక్క రాసే గదిలో ఉండేది ఒక యువకుడు, అతని చేతిలో కలం, మరో ఇద్దరు ముగ్గురు.

నిజం చెప్పినవాడి ఉద్యోగం పోదని ఎవరమూ హామీ ఇవ్వలేం. పోవచ్చు కూడా. ఆ మాట పిల్లల దగ్గర దాచి నీతి నేర్పడం కూడా ఒక తప్పు లెక్కే. ఇక్కడే బాధ్యత కాలేజీ దాటి మన గుమ్మంలోకి వస్తుంది. తరగతిలో ఆ వాక్యం కూడబలుక్కున్న కుర్రాడు దాన్ని నిజంగా పలికేముందు చాలావరకు ఇంటికే ఫోన్ చేస్తాడు. మార్కులు తగ్గినప్పుడు ప్రోగ్రెస్ కార్డు దాచిన పిల్లవాడే అతడు. ఆనాడు నిజం చెబితే ఏం జరిగిందో, చెప్పకపోతే ఏం జరిగిందో అతనికి ఇంకా గుర్తు. రాత్రి పది గంటలకు గుడివాడ నుంచి ఫోన్ చేసి, “నాన్నా, ఇక్కడ కాటా దగ్గర రెండు కిలోలు ఎక్కువ తీయమంటున్నారు” అంటాడు. ఇవతల మీరు ఈఎంఐ తేదీని తలచుకుంటూ ఫోను పట్టుకొని ఉంటారు. మీ నోట మొదట వచ్చే మాట ఏమిటి?