వంగింది వంతెనా, చూపా?



మన రాయవరం ప్రాంతం నుండి రాజమండ్రి వెళ్ళి గోదావరి రేవులో నిలబడితే, పాత హేవలాక్ వంతెన, దాని పక్కనే కమానుల వంతెన కనిపిస్తాయి. హేవలాక్ వంతెన 1900లో ప్రారంభమైంది. 1997 వరకు దానిమీద రైళ్ళు నడిచాయి. 56 ఖానాలతో బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. 1997లో నిర్మాణం పూర్తయిన రెండోదానికి విల్లుల్లాంటి కమానులున్నాయి. ఈ రెండింటినీ ఎవరైనా ‘ఫిష్ ఐ’ లెన్సుతో, అంటే చేపకన్ను లెన్సుతో, ఫోటోలో పైభాగాన వచ్చేలా తీశారనుకోండి. తిన్నని హేవలాక్ వంతెన కూడా విల్లులా వంగిపోతుంది. గోదావరిని ఎన్నడూ చూడని మనిషికి ఆ ఫోటో చూపిస్తే, ఏ వంపు ఇంజనీరు పెట్టిందో, ఏ వంపు గాజు పెట్టిందో చెప్పలేడు. మరి ఆ లెన్సు అబద్ధమాడిందా? ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

ముందుగా ఆ లెన్సు సంగతి తెలుసుకుందాం. నీటి అడుగునున్న చేప పైకి చూస్తే, గట్టు నుండి గట్టు వరకు ఉన్న ఆకాశమంతా సుమారు 97 డిగ్రీల గుండ్రని కిటికీలో ఇమిడిపోయి కనిపిస్తుంది. నీరు వెలుగును వంచడమే దీనికి కారణం. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1906లో ఈ చూపును వివరించి దానికి చేపకన్ను అని పేరుపెట్టాడు. 1924లో ఇంగ్లండుకు చెందిన రాబిన్ హిల్ మేఘాల ఫోటోలు తీయడానికి ఆకాశమంతా ఒక్కసారే పట్టే లెన్సును పరిచయం చేశాడు. 1962లో జపాను నికాన్ కంపెనీ తన రీలు కెమెరాకు తగిలించే 8 మి.మీ. చేపకన్ను లెన్సును తెచ్చింది. రష్యాలో తయారైన 16 మి.మీ. జెనిటార్ లెన్సులు కూడా ఫోటోగ్రాఫర్లకు పరిచితమే. ఈ జెనిటార్ లెన్సుల్లో చేత్తో రింగు తిప్పి ఫోకస్ కుదుర్చుకోవాలి. 16 మి.మీ. లెన్సుకు ఎపర్చరు 8 దగ్గర ఉంచి, రింగును ఒక మీటరు మీద పెడితే చాలు, అర మీటరు నుండి ఆకాశం అంచు వరకు అన్నీ స్పష్టంగా వస్తాయి.

స్పష్టంగా వస్తాయి గానీ తిన్నగా రావు. ఎందుకు? 180 డిగ్రీల దృశ్యాన్ని గీతలు వంగకుండా బల్లపరుపు రీలు మీదికి ఎక్కించాలంటే అంతులేనంత వెడల్పున్న రీలు కావాలి. అది అసాధ్యం. కనుక రెండే దారులు. గీతలు తిన్నగా ఉంచి అంచులు వదులుకోవాలి, లేదా అంచులు నిలుపుకొని గీతలు వంచుకోవాలి. మామూలు లెన్సు మొదటి దారి పడుతుంది. పెళ్ళిలో తీసిన గ్రూపు ఫోటోలో వధూవరులు చక్కగా ఉంటారు, చివర నిలబడ్డ పేద మేనత్త మాత్రం ఉండదు. చేపకన్ను లెన్సు మేనత్తను కూడా చేర్చుకుంటుంది, కానీ ఆమెను వంకరగా చూపిస్తుంది. రెండూ ఏదో ఒక మూల్యం చెల్లించాయి. వీటిలో అబద్ధం ఏది?

పునీత అగస్తీను 386లో సంశయవాదులకు జవాబుగా రాసిన గ్రంథంలో నీటిలో ముంచిన తెడ్డును ఉదాహరణగా తీసుకున్నారు. నీటిలో తెడ్డు వంగినట్టు కనబడటమే సహజం, తిన్నగా కనబడితేనే కన్నును తప్పుపట్టాలని ఆయన వాదన. మన కాలువలో గెడ వేసే ప్రతి పడవవాడికీ ఇది తెలుసు. గెడ విరిగిందని అతడు కంగారుపడడు. కన్ను తనకు కనబడినదే చెప్పింది. “ఇది విరిగింది” అని తీర్పు చెప్పేది మాత్రం మనం. అబద్ధం చూపులో పుట్టదు, తొందరపడి చెప్పే తీర్పులో పుడుతుంది.

ఇప్పుడు మన ఇళ్ళలోకి వద్దాం. అన్నదమ్ముల పంపకాలు జరుగుతున్నాయి. తండ్రికి మంచాన పడినన్నాళ్ళూ సేవ చేసిన తమ్ముడికి ఆ సేవే కొండంతగా కనబడుతుంది. చదువు మానుకుని కుటుంబాన్ని మోసిన అన్నకు ఆ త్యాగమే కొండ. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. చేపకన్ను లెన్సుకు దగ్గరగా అరచెయ్యి పెడితే ఆ చెయ్యి వెనకనున్న గుడి గోపురం కంటే పెద్దదిగా వస్తుంది. దగ్గరనున్న బాధ కూడా అంతే.

ఆ లెన్సుకు ఇంకో లక్షణం ఉంది. జాగ్రత్తపడకపోతే ఫోటో తీసేవాడి కాళ్ళూ, వేళ్ళూ, నీడా ఫోటోలో పడతాయి. అన్నీ చూడాలనుకునేవాడు తనను తాను దాచుకోలేడు. “ఆ ఇంటి సంగతంతా నాకు తెలుసు” అని చెప్పే మనిషి మాటల్లో ఆ ఇంటితోపాటు అతని కోపమూ, పాత బాకీలూ కనిపిస్తాయి. వినేవాళ్ళు వాటిని కూడా గమనించాలి.

“అయితే ఎవరి చూపు వారిదేనా? సత్యమంటూ లేదా?” అని మీరు అడగవచ్చు. ఉంది. మనం ఏ లెన్సుతో చూసినా హేవలాక్ వంతెన తిన్నగానే ఉంది. పైగా ఆ వంపు ఇష్టం వచ్చినట్టు రాదు, దానికొక నియమముంది. ఫోటో నడిమధ్యగా వెళ్ళే గీత వంగదు. అంచుల వైపు జరిగేకొద్దీ వంపు పెరుగుతుంది. కాబట్టి పైన విల్లులా వంగిన వంతెనను, కెమెరా కాస్త ఎత్తి మధ్యకు తెస్తే, అదే లెన్సులో తిన్నగా వస్తుంది. ఆ నియమం తెలిసిన కంప్యూటర్లు ఈనాడు వంగిన గీతలను సరిచేయగలుగుతున్నాయి కూడా.

తగవు తీర్చవలసిన పెద్దలు చేయవలసిందీ ఇదే. అన్న మాట వింటున్నప్పుడు అన్నను మధ్యలో పెట్టి చూడాలి. తమ్ముడి మాట వింటున్నప్పుడు తమ్ముణ్ణి మధ్యకు తేవాలి. అత్త చెప్పింది విని కోడలి మీద తీర్పు చెప్పడమంటే, అంచున పడ్డ మనిషిని చూసి వంకర మనిషి అనడమే. కోడలిని కూడా ఒకసారి మధ్యలో కూర్చోబెట్టి, అడ్డు తగలకుండా, చివరిదాకా వినండి. ఆ తరువాత కూడా వంపు మిగిలి ఉంటే, అప్పుడది నిజమైన వంపు. దాన్ని వంపు అని చెప్పడానికి వెనుకాడనక్కరలేదు. ఇద్దరి మాటా విన్నాక కూడా తప్పును తప్పనకపోతే అది దయ అనిపించుకోదు.

ఈ వారం మీ ఇంట్లో ఎవరి గురించైనా ఒక మాట అనుకునే ముందు, ఆ మనిషిని మీరు మధ్యలో పెట్టి చూశారా, అంచున పెట్టి చూశారా అని ఒక్కసారి ప్రశ్నించుకోండి.